ఆటిజం ఉన్న యువతలో రోజువారీ జీవన నైపుణ్యాలు

స్నానం, వంట, బట్టలు ఉతుక్కోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, వేళకు మందులు వేసుకోవడం, బస్సెక్కి వెళ్లి రావడం వంటివి రోజువారీ జీవన నైపుణ్యాలు. ఆటిజం ఉన్నవారిలో ఇవి చాలాసార్లు తెలివితేటలకు తగ్గట్టుగా పెరగవు. మేధో వైకల్యం లేనివారిలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంటర్ లెక్కలు చకచకా చేసే కుర్రాడు గడ్డం గీసుకోవడానికి తండ్రి కోసం ఎదురుచూడవచ్చు. దాన్ని బద్ధకమనో మొండితనమనో అనడం అన్యాయం.

పని మొదలుపెట్టడం, వరస తప్పకుండా సాగించడం, మధ్యలో తేడా వస్తే సర్దుకోవడం వీరిలో చాలామందికి కష్టం. షాంపూ వాసన, ఒంటికి అంటుకునే తడిబట్ట, మిక్సీ మోత కొందరికి భరించరానివి. ఒకచోట నేర్చింది మరోచోట అక్కరకు రాకపోవచ్చు: ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించేవారు హాస్టల్లో ఇండక్షన్ స్టవ్ ముందు ఆగిపోతారు. పిల్లలు చదువుకుంటే చాలని పనులన్నీ పెద్దలే చేసిపెట్టే ఇళ్లలో నేర్చుకునే అవకాశమూ తగ్గుతుంది.

ఈ నైపుణ్యాలను అంచనా వేయడానికి వాడే వైన్‌లాండ్ కొలమానానికి 1935లో ఎడ్గర్ డాల్ రూపొందించిన సామాజిక పరిణతి కొలమానం మూలం. ఇప్పటి వైన్‌లాండ్, పని చేయగలరా అని కాక, రోజూ చేస్తున్నారా అని చూస్తుంది. అమెరికాలో 2012లో వెలువడిన ఒక దీర్ఘకాలిక అధ్యయనంలో ఈ నైపుణ్యాలు కౌమారంలోను, ఇరవైల తొలినాళ్లలోను పెరిగి, ఇరవైల చివర నిలిచిపోయి, ముప్ఫైలలో తగ్గుముఖం పట్టాయి. బడి ముగియగానే శిక్షణ ఆపేయకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

నేర్పేటప్పుడు పనిని చిన్న మెట్లుగా విడగొడతారు. అన్నం వండటమే తీసుకుంటే, ‘నీళ్లు కాస్త ఎక్కువ పొయ్యి’ అన్న మాటతో ఏమీ తేలదు. గ్లాసుడు బియ్యం, రెండుసార్లు కడగడం, అదే గ్లాసుతో రెండు గ్లాసుల నీళ్లు అని బొమ్మలతో గోడకు అంటిస్తే తేలుతుంది. కుక్కర్ విజిల్‌కు బెదిరేవారికి ఎలక్ట్రిక్ కుక్కర్ ఇవ్వడం రాజీ కాదు, సరైన సాయం. చివరి మెట్టు ముందు నేర్పి వెనక్కి రావడం, వీడియోలో చూపించడం కూడా వాడుకలో ఉన్న పద్ధతులే. నేర్చిన పనిని వేర్వేరు చోట్ల చేయించాలి.

ఇలా నేర్పినా, పెద్దయ్యాక కొందరికి నిర్ణయాల్లో సాయం అవసరం కావచ్చు; అక్కడ చట్టం అక్కరకొస్తుంది. భారత్‌లో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. ఆ చట్టం చెప్పే పరిమిత సంరక్షకత్వంలో సంరక్షకులు ఆ వ్యక్తితో కలిసే నిర్ణయాలు తీసుకోవాలి. 18 ఏళ్లు దాటినవారికి సంరక్షకుల నియామకాన్ని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఏర్పడిన స్థానిక స్థాయి కమిటీలు చూస్తాయి.