వర్తకుని కంట భాగ్యనగరము

దేశములు చూడబోయినవారిలో కొందఱు కోటలను చూచెదరు, కొందఱు కోవెలలను చూచెదరు. 17వ శతాబ్దమున అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడిలో పలుమాఱులు గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ మాత్రము ఏ యూరికి పోయినను, అచట సరకు ఎవరి చేతులు మాఱునో, సుంకమెచ్చట పడునో, ధర యెట్లు తెగునో ముందుగా కనిపెట్టెడివాడు. రాజు తొడిగిన రత్నముల కాంతిని వర్ణించుటకు ఆస్థానమున కవులుండిరి. వాని తూకము వ్రాసికొన్నవాడు ఈతడు.

1676లో పారిసున అచ్చయిన అతని యాత్రాగ్రంథమున భాగ్యనగర ప్రవేశము సోదాతో మొదలగును. ఉప్పును పొగాకును దాచి తెచ్చుచున్నారేమోయని కావలివారు మూటలు విప్పించి చూచెడివారట. రాజునకు వానివలన గొప్ప రాబడి. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 1578లో మూసీపై కట్టిన వంతెన, మనము పురానాపూల్ అనునది, అందమున పారిసు నగరపు పేరుగన్న వంతెనకు తీసిపోదని అతడొప్పుకొనెను. పారిసున పుట్టినవాని నోట అంతకు మించిన పొగడ్త ఆశింపరాదు. నగరములో ప్రభువర్గమును, ఉద్యోగులును, సైనికులును కాపురముండగా, వర్తకులు, దళారులు, పనివాండ్రు ఏటి యావలి పేటలో వసించుచు, ప్రొద్దున పది పదునొకండు గంటలవేళ లోనికి వచ్చి, పరదేశపు వర్తకులతో బేరసారములు నడపి, నాలుగైదు గంటలకు ఇండ్లకు మఱలెడివారట.

చల్లపూట వీధుల వన్నె వేఱు. వేశ్యలు చిన్న చిన్న యిండ్ల వాకిండ్ల నిలిచి, చీకటి పడగానే దీపము పెట్టెడివారనియు, కల్లు దుకాణములు అపుడే తెఱచెడివారనియు, దినమునకు ఐదాఱువందల గుఱ్ఱములపై కల్లుతిత్తులు నగరమునకు వచ్చెడివనియు అతడు వ్రాసెను. దారోగా చిట్టాలో ఆ స్త్రీల సంఖ్య ఇరువదివేలకు పైబడెనన్న మాట నాకంతగా నమ్మబుద్ధి కాదు. కాని కల్లుపై వచ్చు పన్ను కొఱకే ప్రభుత్వము వారిని సహించెనన్న కారణము, వర్తకుని నోట వచ్చినది గనుక, త్రోసివేయరానిది.

అతని కలము మిక్కిలి చుఱుకుగా నడచినది గనుల యొద్ద. అప్పటి బిజాపురపు ఏలుబడిలోనిదియు, మన కర్నూలు జిల్లాలోని రామళ్లకోటయే యని పండితులు తలంచునదియునగు ఒక గని యూరిలో, ప్రతి యుదయము ఒక చెట్టు క్రింద వర్తకుల బిడ్డలు, పదేండ్లు మొదలు పదునాఱేండ్ల లోపువారు, నడుమున ఒకవంక తూనికఱాళ్ల సంచియు వేఱొకవంక వరహాల సంచియు కట్టుకొని కూర్చుండెడివారట; ఒక్కొక్కని సంచిలో ఐదాఱువందల వరహాలుండుటయు కలదు. ఎవడైన వజ్రము తేగా, అది మొదట అందఱిలో పెద్దవాని చేతికి పోయి, అటనుండి వరుసగా అందఱి చేతులును చుట్టివచ్చును. ఒక్కడును నోరు మెదపడు. సాయంకాలమున కొన్న ఱాళ్లను నీటిని, అనగా మెఱుగును, బట్టియు తూకమును బట్టియు వేఱుచేసి, పెద్దవర్తకులకమ్మి, లాభము పంచుకొందురు. పెద్దవానికి నూటికి పావు ఎక్కువ. ఆ యీడు పిల్లలకు మనము బడులలో వడ్డీలెక్కలు నేర్పలేక చెమటోడ్చుచున్నాము.

పెద్దల బేరము మఱింత మౌనము. ఇరువురెదురెదురుగా కూర్చుండి, అమ్మువాడు కొనువాని కుడిచేతిని పట్టి నడికట్టు చెఱగుతో కప్పును. చేయి మొత్తము పట్టిన వేయి, ఐదువ్రేళ్లు పట్టిన ఐదువందలు, ఒక వ్రేలు నూఱు, నడిమి కణుపు వఱకైన ఏబది, కొనమాత్రము పది. నిండుకొలువులో ఒకే రత్నపుమూట ఏడెనిమిదిమాఱులు అమ్ముడుపోయినను ప్రక్కవానికి ధర తెలియదు.

గోలకొండ 1687లో ఔరంగజేబు వశమయ్యెను. గనులును కాలక్రమమున పాడుపడెను. అట్టి వ్రేళ్ల భాష మాత్రము మన పశువుల సంతలలో ఎడ్ల దళారుల తువాళ్ల మాటున నేటికిని ధర తేల్చుచున్నది. ఈమాఱు సంతకు పోయిన పాఠకులు ఎడ్ల కొమ్ములను విడిచి, ఒక్క నిమిషము ఆ తువాలు కదలికను చూతురుగాక.