రవీంద్ర భారతి నక్షా ఎవరిది?

మొన్న బెల్లంకొండలో చిచ్చా ఇంట్లో దావత్. భోజనాలయ్యాక పిల్లలు ఫోన్లో గోల్కొండ, చార్మినార్ ఫొటోలు చూస్తున్నారు. నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి తలెత్తి అడిగింది: “అబ్బా, మనవాళ్ల ఇమారత్‌లంటే అన్నీ నవాబుల జమానావేనా? ఆ తర్వాత మనం ఏమీ కట్టలేదా?”

చాయ్ చల్లారిపోయింది గానీ జవాబు తట్టలేదు. రాత్రి పడుకున్నాక యాదొచ్చింది, రవీంద్ర భారతి.

ఫ్రాన్స్‌లో, ఇటలీలో సంగీత నాటకాల కోసం కట్టిన మహళ్లను ఒపెరా హౌస్ అంటారు. బొంబాయిలోనూ ఒకటుంది, రాయల్ ఒపెరా హౌస్. 1911లో పని పూర్తి కాకముందే ఐదో జార్జి వచ్చి ప్రారంభించేశాడు. మన తెలుగువాళ్లకు ఒపెరా అంటే పద్యనాటకమే. మా ఊళ్లో దానికి హాలెక్కడిది? రామాలయం ముందు పందిరి, నాలుగు బల్లలు, గోనెపట్టాలు. అబ్బా పక్కన కూర్చుని నేను విన్న పద్యాలన్నీ ఆ గోనెపట్టాల మీదే. స్కూల్లో అలిఫ్ బే, రాత్రి హార్మోనియం. పద్యం బాగా అందుకుంటే వెనక నుంచి “వన్స్‌మోర్” అని ముందుగా అరిచేది మా మొహల్లా వాళ్లే. పొన్నెకల్లు షేక్ నాజర్ సాబ్ బుర్రకథలో పల్నాటి యుద్ధం చెప్పిన జిల్లా మనది. అందుకని ఆ షౌఖ్‌లో వింతేమీ లేదు.

విలేకరిగా మొదటిసారి రవీంద్ర భారతికి పోయినప్పుడు చివరి వరసలో సీటు దొరికింది. వేదిక మీద నటుడు రాగం తీస్తుంటే గొంతులో జీర కూడా వినబడింది. పందిట్లో అయితే ఆ వరస దాకా మైకు గోలే తప్ప మాట చేరదు.

ఆ హాలు కథ మొదలయ్యేది టాగోర్ నుంచి. 1961కి ఆయన పుట్టి వందేళ్లు. ఆ సందర్భంగా రాష్ట్రాల రాజధానుల్లో ఆయన పేరుతో రంగశాలలు కట్టాలని అప్పటి కేంద్ర ప్రభుత్వం తలపెట్టింది. కేంద్రంలో సాంస్కృతిక వ్యవహారాల మంత్రి హుమాయూన్ కబీర్. ఢిల్లీ రవీంద్ర భవన్ నక్షా హబీబ్ రహమాన్‌ది. ఆయన మొదట గీసింది నెహ్రూకు నచ్చలేదు, మళ్లీ గీయాల్సి వచ్చింది. మన హైదరాబాద్ రవీంద్ర భారతి నక్షా మొహమ్మద్ ఫయాజుద్దీన్‌ది. నిజాం రాజ్యం నాటి నుంచే ఆర్కిటెక్ట్‌గా, టౌన్ ప్లానర్‌గా పేరున్న మనిషి. 1961 మే 11న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ హాలును ప్రారంభించారు. అప్పటికి ఆయన ఉపరాష్ట్రపతి.

టాగోర్‌కూ హైదరాబాద్‌కూ రిష్తా అంతకు ముందుదే. 1927లో విశ్వభారతిలో ఇస్లామీ చదువుల కోసం ఉస్మాన్ అలీ ఖాన్ లక్ష రూపాయలిచ్చాడు. ఆ విభాగంలో పాఠం చెప్పడానికి హంగరీ నుంచి జెర్మానస్ అనే పండితుడు శాంతినికేతన్ వచ్చాడు. 1933లో టాగోర్ స్వయంగా హైదరాబాద్ వచ్చి బంజారా హిల్స్‌లో బస చేశాడు. కనుక ఈ నగరం ఆయన పేరు పెట్టుకోవడంలో ఢిల్లీ హుకుం ఒక్కటే లేదు.

ఇక ఇమారత్ సంగతి. రవీంద్ర భారతికి దగ్గర్లోనే, బాగ్-ఎ-ఆమ్ అంచున, పాత టౌన్ హాల్ ఉంది. ఇప్పుడది అసెంబ్లీ ఆవరణలో ఉంది. మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో సాల్‌గిరా యాదుగా 1905లో పునాది వేసి 1913లో పూర్తిచేశారు. తెల్లటి గుంబద్‌లు, మెహరాబ్‌లు, చెక్కుడు పని. దాన్ని రోజూ చూస్తూ తిరిగిన ఫయాజుద్దీన్ తన హాలుకు గుంబద్ పెట్టలేదు, మీనార్ పెట్టలేదు. చేతకాక కాదు. రాజు సాల్‌గిరాకు కట్టేది ఒకటి, టికెట్ కొని వచ్చే జనానికి కట్టేది ఇంకొకటి అని ఆయనకు తెలుసనే నా నమ్మకం.

ఐరోపా ఒపెరా హౌస్‌లో గోడల వెంట గుర్రపు లాడం ఆకారంలో అంతస్తుల మీద అంతస్తులుగా బాక్సులుంటాయి. అమీర్లు అందులో కూర్చుని నాటకం కన్నా ఒకరినొకరు ఎక్కువ చూసుకునేవారు. పక్క బాక్సుల వాళ్లకు వేదిక సగమే కనబడేది. రవీంద్ర భారతి అలా కాదు. సీట్లన్నీ వేదిక వైపే, నేల వెనక్కి పోయేకొద్దీ ఎత్తు, పైన బాల్కనీ. ముందు వరస మంత్రికి, వెనక వరస మాబోటి వాళ్లకు. పద్యం మాత్రం ఇద్దరికీ ఒకటే. అక్కడే సురభి వాళ్ల నాటకాలు, కూచిపూడి, ముషాయిరాలు, ఉర్దూ పుస్తకాల రస్మ్-ఎ-ఇజ్రాలు జరిగాయి. పక్కన పైడి జైరాజ్ పేరుతో ప్రివ్యూ థియేటర్ కూడా వచ్చింది.

నాకొక గిలా ఉంది. గజల్ రాసినవాడి తఖల్లుస్ ఆఖరి షేర్‌లో ఉంటుంది. ఇల్లు కట్టినవాడికి ఆ సౌకర్యం లేదు. ముషాయిరాకు వెళ్లినప్పుడల్లా నా పక్కనున్నవాళ్లను అడిగేవాణ్ని, ఈ హాలు నక్షా ఎవరిదని. శాయర్లు, లెక్చరర్లు, తోటి విలేకరులు. “గవర్నమెంటుదే కదా” అన్నవాళ్లే ఎక్కువ.

పొద్దున ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. ఫోన్లో రవీంద్ర భారతి బొమ్మ తెరిచి పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. “గుంబద్ లేదు కాబట్టే మనవాళ్లదని ఎవరికీ తెలియలేదా?” అంది. తర్వాత నోట్‌బుక్ తీసి ఫయాజుద్దీన్ పేరు ముందు ఉర్దూలో రాసింది, కింద తెలుగులో. ఉర్దూలో ‘జ్వాద్’కు బదులు ‘జీమ్’ పెట్టింది. దిద్దాను.