ఉస్తాద్ దగ్గర నేర్చిన పనికి సర్టిఫికెట్ ఎలా? అప్రెంటిస్‌షిప్ పూర్తి వివరాలు

కాకినాడ జిల్లా అన్నవరం లాంటి ఊళ్లో చేతిపని నేర్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఐటీఐ, రెండోది ఉస్తాద్ షెడ్డు. జాతీయ రహదారి పక్కన బైక్ రిపేరు, వెల్డింగ్ పనులైనా, కొండకొచ్చే భక్తులు దిగే లాడ్జీల్లో వైరింగ్, ప్లంబింగ్ అయినా షెడ్డులో పెరిగిన కుర్రాడికి బాగా వస్తాయి. చేతిలో కాగితం మాత్రం ఉండదు. ఐటీఐ కుర్రాడికి కాగితం ఉన్నా, కంపెనీలో ఉండే మిషన్ మీద చేయి తిరిగి ఉండకపోవచ్చు. ఈ రెండిటినీ కలిపేదే అప్రెంటిస్‌షిప్.

చట్టం ఏం చెబుతోంది?

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ, అందులో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. కాంట్రాక్టు సిబ్బంది కూడా ఈ లెక్కలోకే వస్తారు. 4 నుంచి 29 మంది ఉన్నచోట తీసుకోవడం యజమాని ఇష్టం. అప్రెంటిస్‌కు నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. 2016లో మొదలైన ప్రోత్సాహక పథకం కింద, నిర్ణయించిన కనీస స్టైపెండ్‌లో 25 శాతం కేంద్రం భరిస్తుంది. ఇది నెలకు రూ.1,500 దాటదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఉస్తాద్, ఇద్దరు కుర్రాళ్లు ఉన్న షెడ్డు ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఐటీఐ, కంపెనీ కలిస్తే

2007-08లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐల కోసం ఒక పథకం పెట్టింది. ఒక్కో ఐటీఐకి రూ.2.5 కోట్ల వడ్డీలేని అప్పు, పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షుడిగా ఒక కమిటీ. ఆ తర్వాత వచ్చిన డ్యూయల్ విధానంలో థియరీ ఐటీఐలో, ప్రాక్టికల్ కొన్ని నెలలు కంపెనీలో జరుగుతాయి. 2025లో ఆమోదం పొందిన పీఎం సేతు కింద 1,000 ఐటీఐలను రూ.60,000 కోట్లతో బాగుచేయాలన్నది లక్ష్యం. ఇందులో రూ.10,000 కోట్లు పరిశ్రమల వాటా.

అన్నవరం చుట్టుపక్కల పిల్లలకు కాకినాడ పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీ, తొండంగి మండలంలోని మందుల కంపెనీలు అందుబాటులో ఉన్నాయి. అందుకే ఐటీఐలో చేరేముందు మూడు విషయాలు అడగండి. ట్రేడ్‌కు ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందా? ఏ కంపెనీతో ఒప్పందం ఉంది? అక్కడ ఎన్ని నెలలు పని నేర్పుతారు?

షెడ్డులో నేర్చుకున్నవాళ్లకు

వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటుంది. దీన్ని ఆర్‌పీఎల్ అంటారు. కేంద్ర నైపుణ్య పథకం పీఎంకేవీవైలో ఇదొక భాగం. సౌదీ అరేబియా ఇప్పుడు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులకు ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది కాబట్టి, గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు పనిని పరీక్షలో చూపించడం కూడా అలవాటు చేసుకోవాలి.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. కుట్టుపని, తాపీపని, వడ్రంగం ఉన్నాయి కానీ బైక్ మెకానిక్ లేదు. పనిముట్లకు రూ.15,000 వరకు ఇస్తారు. కామన్ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇంకా ఏం కావాలి?

జర్మనీలో చిన్న వర్క్‌షాపు కూడా అప్రెంటిస్‌ను తీసుకోవచ్చు. కుర్రాడు వారంలో ఒకట్రెండు రోజులు బడికి, మిగతా రోజులు పనికి వెళ్తాడు. పరీక్ష మాత్రం వృత్తిదారుల చాంబర్ పెడుతుంది. మన దగ్గర కూడా నాలుగైదు షెడ్లను కలిపి ఒక యూనిట్‌గా లెక్కగట్టి, దగ్గర్లోని ఐటీఐతో ఒప్పందం చేయిస్తే, పని ఉస్తాద్ దగ్గర, పరీక్ష ఐటీఐలో జరుగుతాయి. అప్పుడు ఆ కుర్రాడి చేతిలో పనితోపాటు కాగితమూ ఉంటుంది.