ధ్యానంలో చూపు నిలిపే చోటు

ధ్యానానికి కూర్చున్నవాడు కన్నులను ఏమి చేయవలెను? ప్రశ్న చిన్నదిగానే కనిపించును. కాని కంటికి చెప్పిన విధిని మనస్సుకు చెప్పిన విధిగా భావించి, సాధనాన్నే సాధ్యమని భ్రమించే ప్రమాదం ఇందులో ఉన్నది. ఈ ప్రశ్నకు మన పూర్వులు ఇచ్చిన సమాధానాలను పరిశీలించుట అవసరం.

పతంజలి ఆసనం స్థిరంగాను సుఖంగాను ఉండవలెనన్నాడే గాని, కంటికి వేరుగా నియమం పెట్టలేదు. వ్యాసభాష్యం ధారణకు తగిన చోట్లుగా నాభిని, హృదయపద్మాన్ని, శిరస్సులోని జ్యోతిని, నాసికాగ్రాన్ని, జిహ్వాగ్రాన్ని పేర్కొన్నది. ఇవి చిత్తాన్ని కట్టివేయుటకు చెప్పిన స్థానాలు. హృదయపద్మాన్ని చర్మచక్షువులతో చూచువాడెవ్వడు?

చూపు ప్రస్తావన గీతలో రెండు చోట్ల వచ్చినది. ప్రాణాపానాలను సమం చేయు సందర్భంలో ఐదవ అధ్యాయం చూపును కనుబొమల నడుమ ఉంచుమన్నది. దేహాన్ని, మెడను, తలను నిటారుగా నిలిపి, దిక్కులు చూడక, నాసికాగ్రాన్ని చూడుమని ఆరవ అధ్యాయం బోధించినది. ఇచ్చట శంకరులు చేసిన వ్యాఖ్య మిక్కిలి విలువైనది. నాసికాగ్రాన్ని నిజంగా చూడుమని గీత ఉద్దేశం కాదు, చూచునట్లుగా ఉండుమని మాత్రమే భావమని వారి నిర్ణయం. ముక్కు కొననే చూడవలసివస్తే మనస్సు అక్కడనే నిలుచును గాని ఆత్మయందు నిలువదు గదా! కన్ను బాహ్యవిషయాలమీదికి పోకుండుటయే ప్రయోజనం.

హఠయోగప్రదీపికలో ఈ రెండు మార్గాలూ వేరువేరుగా కనిపించును. కన్నీరు వచ్చువరకు చిన్న గురిని రెప్పవాల్చక చూచుట త్రాటకం. అది షట్కర్మలనబడు శోధనక్రియలలో ఒకటి. చూపు వెలుపల ఉన్నను లక్ష్యం లోపల ఉండుట శాంభవీముద్ర. మొదటిదానిలో కన్ను పనిచేయును; రెండవదానిలో కన్ను తెరచి ఉన్నను పని మానును.

ఈ భేదం పందొమ్మిదవ శతాబ్దిలో గంగాతీరాన ఒక మహాపురుషుని జీవితంలో ప్రత్యక్షమైనది. దక్షిణేశ్వరంలో తోతాపురి అద్వైతసాధన నేర్పుచుండగా, శ్రీరామకృష్ణుల మనస్సు జగన్మాత రూపాన్ని దాటలేకపోయినది. అప్పుడు గురువు ఒక గాజుపెంకును ఆయన కనుబొమల నడుమ గ్రుచ్చి, ఆ బిందువుపై మనస్సు నిలుపుమన్నాడు. బిందువు నిమిత్తమాత్రమైనది, మనస్సు రూపాన్ని దాటి సమాధిలో లీనమైనది. తరువాతి కాలంలో రామకృష్ణులు కన్నులు మూసినప్పుడున్న భగవంతుడు తెరచినప్పుడు లేకపోవునా అని ప్రశ్నించేవారు. గ్రుడ్లను పొదుగు పక్షి కన్ను తెరచియే ఉండును, కాని దాని మనస్సంతా గ్రుడ్లమీదనే. యోగి చూపు అట్టిదని 1882లో ఆయన చెప్పగా 'మ' అను శిష్యుడు గ్రంథస్థం చేసినాడు.

దక్షిణేశ్వరానికి ఆవలి ఒడ్డున, హౌరా జిల్లాలో, 1898లో వివేకానందులు బేలూరు మఠాన్ని నెలకొల్పినారు. 1896లో వెలువడిన 'రాజయోగం'లో ఆయన కూడ నాసికాగ్రధారణవల్ల కలిగే సుగంధానుభవాన్ని సాధకుని విశ్వాసాన్ని బలపరచు గుర్తుగానే వివరించినారు, దానిని గమ్యమనలేదు. 1938 జనవరి 14న ప్రతిష్ఠితమైన మఠాలయంలో, శిల్పి గోపేశ్వర పాల్ చెక్కిన రామకృష్ణుల పాలరాతి మూర్తి ఉన్నది. దానికి మూలం దక్షిణేశ్వరంలో తీసిన ఆసీన ఛాయాచిత్రం. అందులో రెప్పలు సగం వాలి ఉన్నవి. పొదుగు పక్షి కన్ను పూర్తిగా తెరచి ఉండును; ఈ కన్ను అరమోడ్పు. అయినను రెండింటిలోను సామ్యమొక్కటే: ఆ చూపు దేనినీ పట్టుకొనుట లేదు.

కనుక రెప్ప ఎంత తెరువవలెనను వాదం ఇచ్చట ప్రధానం కాదు. కనుబొమల నడిమికి చూపును బలవంతంగా లాగి నొప్పి తెచ్చుకొను సాధకుడు శాస్త్రాన్ని పాటించుచున్నానని తలచవచ్చును. కాని అతని మనస్సు కంటి శ్రమయందే చిక్కుకొన్నది. పతంజలి కోరిన సుఖస్థైర్యం ఆసనానికే కాదు, కంటికి కూడ అన్వయించును. కన్ను విశ్రమించిన చోటనే మనస్సు తన పని ప్రారంభించును.