ద్వారబంధముపై సున్నపుచార

కోతలు ముగిసి, కళ్ళములలో ధాన్యపురాశులు లేచి, సంక్రాంతి పదిదినముల దూరమున నున్నదనగానే, ఏలూరు మొదలుకొని కొల్లేటి లంకలవరకును గల యిండ్లలో గోడలకు వెల్లవేయు సంరంభ మొకటి బయలుదేరెడిది. ముందునాటి సాయంకాలమే కాగులో గుల్లసున్నము పోసి నీళ్ళు వంచగా, అది బుసబుస పొంగి, ఆవిరు లెగజిమ్మి, తెల్లవారుసరికి వెన్నవలె చల్లబడి యుండెడిది. దానిలో నింత నీలిమందును, తుమ్మజిగురును కలిపి, పనివాడు నారకుంచెతో గోడలమీద బారలుబారలుగా పూయుచుండ, ఎంత జాగ్రత్తపడినను కొన్ని తుంపరలు టేకు ద్వారబంధముమీదను తలుపురెక్కలమీదను పడకుండ నుండెడివి కావు. మా పెద్దమ్మ తడిగుడ్డ చేతబట్టుకొని వానివెనుకనే తిరిగెడిది. ఆమె తుడిచినకొలదిని పైతెలుపు పోయెడిదే గాని, కొయ్యచారలలోనికి దిగిన తెలుపు పోక, ఆరిన పిదప మాసిన టేకుమీద సన్నని వెండిదారములు పరచినట్లు కనబడెడిది. ‘పాడు మరక!’ అని విసుగుకొని, ఆమె దానిమీద ఆముదము పట్టించి కప్పివేసెడిది.

ఆ పాడు మరకనే ఐరోపావారు కోరి తెచ్చుకొని, మైనములో కలిపి, డబ్బాల కెత్తి అమ్ముకొందురని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. లైమింగ్ వాక్స్ అని వా రనుదానిని మనము సున్నపుమైన మనవచ్చును. చిత్రిక పట్టి నునుపుచేసిన బల్లను ఇత్తడితీగెల కుంచెతో చారలవెంట గట్టిగా రుద్దినచో, వానియందలి మెత్తనిభాగము రాలిపోయి, చారలు పంటబోదెలవలె తెరచుకొనును. పిదప స్పిరిట్టులో కరగించిన లక్కను పలుచగా నొక పూత పూసి ఆరనిచ్చి, తెల్లని రంగుపొడి కలిసిన మైనమును గుడ్డతో తీసికొని, చారల కడ్డముగా రుద్ది వానిని నింపవలెను. కొన్ని నిమిషములు గడచి అది బిగిసిన తరువాత, రంగులేని మైనముతో మీదిదానిని తుడిచివేయగా, లోపలికి దిగిన తెలుపు లోపలనే నిలిచి, మ్రాను తన వయస్సును తానే వ్రాసికొన్నట్లు కనబడును. లక్కపూతను మరచినవాని బల్ల మాత్రము ఒడలెల్ల విభూతి పూసికొన్న బైరాగివలె తయారగును.

ఈ విద్య అలంకారముకొరకు పుట్టినది గాదు. పురుగు పట్టకుండుటకై ఓక్ చెక్కలకు ఘాటైన సున్నపుముద్దను పట్టించు ఆచార మొకటి ఐరోపాలో 16వ శతాబ్ది ప్రాంతమున నుండెననియు, ఆ ముద్దను తుడిచివేసిన పిదప చారలలో మిగిలిన తెలుపు చూపరులకు నచ్చి, క్రమముగా అదియే వేడుకయైనదనియు చెప్పుదురు. అనగా అచ్చటను మొదట నది మరకయే! తరువాతివారు సున్నమునకు మారుగా సఫేదాను, అనగా సీసపు తెలుపును, వాడసాగిరి. దొరసానులు ముఖమునకు పూసికొని చర్మమును పాడుచేసికొనినదియు ఈ సఫేదాయే. 1920–30 నడుమ పారిస్ నగరమున జాన్ మిషెల్ ఫ్రాంక్ అను గృహాలంకరణ శిల్పి తెలుపుచారల ఓక్ సామానును ధనికుల మందిరములలో ప్రవేశపెట్టగా, అది అమెరికా దాకను ప్రాకినది. ఇంతలో సీసము విషమని లోకము గుర్తించినది. 1921లో జెనీవాయందు అంతర్జాతీయ కార్మికసంస్థ ఇండ్ల లోపలి రంగుపనిలో దాని వాడుకను నిషేధించు ఒడంబడిక నొకదానిని చేసినది. నేడు డబ్బాలలో నున్న తెలుపు చాలవరకు టైటానియము అను లోహమునుండి తీసిన పొడి. నేతిబీరకాయలో నేయి యెంతయో, ఈనాటి సున్నపుమైనములో సున్నము నంతయే.

అయినను ప్రతి చెక్కయు ఈ తెలుపును స్వీకరింపదు. చారలు లోతుగా తెరచుకొని యుండు జాతి కావలెను. ఓక్ అట్టిది, మన టేకును ఇంచుమించుగా నట్టిదే. వేసవిలో ఆకు రాల్చి మోడై నిలిచిన టేకు, తొలకరి పడగానే చిగిర్చి, నీటిని పైకి తోడుకొనుటకై కంటి కానునంత వెడల్పుగల రంధ్రములను ఒక వరుసగా పెంచుకొనును. వర్షములు వెనుకబట్టినకొలది పెరుగు భాగము బిగువుగా నుండును. నిలువునకు కోసిన పలకపై ఆ రంధ్రముల వరుసలే చారలుగా సాగును. మా గుమ్మముపై పెద్దమ్మ తుడువలేకపోయిన ఒక్కొక్క తెల్లనిచార, ఏదో అడవిలో నెన్నడో కురిసిన యొక్కొక్క తొలకరికి గురుతన్నమాట.

ఆ అడవి ఏది? కొల్లేటి చుట్టుపట్టుల టేకు పండదు. ఇది నల్లరేగడియు, వరియు, తాడియు గల దేశము. అయినను ఈ ప్రాంతమువారికి కొయ్యపని నిన్న మొన్న వచ్చిన విద్య గాదు. ఏలూరునకు ఉత్తరమున కామవరపుకోట చేరువ నున్న గుంటుపల్లి కొండలో, క్రీస్తునకు పూర్వమే తొలిచిన గుండ్రని చైత్యగృహ మొకటి కలదు. దానిలో తలయెత్తి చూచినవారికి, ఱాతికప్పున వాసములవంటి పట్టెలు నడిమినుండి నలుదెసలకును సాగి కనబడును. ఱాతికి వాసములతో పనియేమి? ఆ శిల్పి కన్నులయెదుట నున్నది కొయ్యతో కట్టిన గుండ్రని యిల్లు. ఉలి ఱాతిమీద నాడుచున్నను అతని చేయి వడ్రంగి చేయియే. ఆ కొయ్యయిండ్లు ఒక్కటియు మిగులలేదు. శాలంకాయనులకును, తూర్పు చాళుక్యులకును రాజధానియై వెలసిన వేంగి, నేటి పెదవేగి, ఏలూరునకు కూతవేటు దూరముననే యున్నది. అచ్చటి త్రవ్వకములలో ఇటుకయు, ఱాయియు, పెంకును దొరకినవి గాని, రాజుగారి వాకిటి తలుపు ఎట్లుండెనో చెప్పగల చెక్కముక్క దొరకలేదు. చెదలకును వానకును చరిత్రమునెడ గౌరవము లేదు.

మన కండ్లబడు టేకు చరిత్రము కాలువలతో మొదలగును. 1847లో ధవళేశ్వరముకడ నారంభమై 1852లో ముగిసిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట పొలములకు నీరిచ్చుటతోపాటు ఊళ్ళకు దారి యిచ్చినది. పాపికొండలకు ఎగువ నరికిన దుంగలు తెప్పలుగా కట్టబడి గోదావరి ప్రవాహమున రాజమహేంద్రవరము చేరెడివి. అచ్చటనుండి కాలువలవెంట, లాకులు దాటుచు, నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరుట కష్టము గాదు. ఏలూరుకడ గోదావరి నీరును కృష్ణ నీరును గలియుటచేత బెజవాడవరకు పడవ సాగిపోవచ్చును. గట్టువెంట మనుష్యులు త్రాడు భుజమున వేసికొని లాగుచుండగా, కలపయు, ధాన్యమును, పెండ్లివారును ఒకే నీటిమీద నడచిన కాలమది. ఈ కాలువనే 2008లో ప్రభుత్వము నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చినది. కాగితముమీద ఈ కాలువ పొడవు 139 కిలోమీటరులు, నీటిమీద మాత్రము కలపపడవలు కనబడవు.

ఆనకట్ట ముగిసిన 1852లోనే రెండవ బర్మాయుద్ధము జరిగి, పెగూ ప్రాంతము ఆంగ్లేయుల వశమైనది. రెండు సంగతులకును సంబంధము లేకున్నను, వాని ఫలితములు మాత్రము మన మండువా లోగిళ్ళలో నొక్కచోట చేరినవి. ఆనకట్ట నీటితో పండిన వరి అమ్మిన సొమ్ముతో, బర్మానుండి దిగిన టేకును కొని, మా తాతలనాటివారు స్తంభములు, దూలములు, పందిరిమంచములు, భోషాణములు చేయించుకొనిరి. రంగూనునకు కూలికి పోయిన మన తీరప్రాంతపు జనులను అచ్చటివారు కోరంగి రేవు పేరిట ‘కొరంగీ’ లని పిలిచెడివారు. మనవారు అటు వెళ్ళిన సముద్రముమీదనే టేకు ఇటు వచ్చినది.

ఇక సున్నము. నత్తగుల్లలను, ఆల్చిప్పలను బొగ్గుతో పొరలుపొరలుగా బట్టీలో పేర్చి, సుమారు 900 డిగ్రీల వేడిమి తగులునట్లు కాల్చినచో, వానిలోని బొగ్గుపులుసుగాలి వెడలిపోయి, నూరుపాళ్ళ శుద్ధమైన గుల్ల 56 పాళ్ళ సున్నముగా మిగులును. నీరు పోసినప్పుడు పొంగునది ఇదియే. గోడకెక్కిన పిదప నది తాను కోల్పోయిన వాయువునే గాలినుండి మరల గ్రహించి, మెల్లమెల్లగా మరల గుల్లవంటి ఱాయియగును. మా పెద్దమ్మ గుడ్డ ఎందు కోడిపోయెనో ఇప్పుడు తెలిసినది గదా! చారలలో చేరినది తడియారిన ముద్ద గాదు, పుట్టుచున్న ఱాయి.

తమలపాకునకు రాయునదియు ఈ సున్నమే; గచ్చునకు గానుగలో త్రిప్పునదియు నిదియే. కొయ్యకు దీనిని బుద్ధిపూర్వకముగా పూయువారు మనకు లేకపోలేదు. కొల్లేటిలో కలియు బుడమేరు ఏ కొండలలో పుట్టుచున్నదో ఆ ప్రాంతపు కొండపల్లిలో, బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అదికి, దానిపై సున్నపుపూత పూసి, ఆ పిమ్మటనే రంగు లద్దుదురు. అయితే అచ్చటి సున్నము చారలను మరుగుపరచుటకే. పొణికి మెత్తని చెక్క; చూపదగిన చార దానికి లేదు గనుక అట్లు కప్పుట ఉచితమే.

చారను చూపు పూత మన ఇండ్లలో లేదా యని వెదకిన, అది గడపమీద కనబడినది. శుక్రవారము శుక్రవారము పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, వరిపిండితో గీతలు తీర్చిన టేకుగడపను నలుబదియేండ్ల పిదప చూడుడు: కాళ్ళ త్రొక్కిడికి మెత్తనిభాగ మరిగి, పల్లపుచారలలో పసుపును పిండియు నిండి, మిట్టచారలు నల్లగా మెరయుచుండును. ఇత్తడితీగెల కుంచె చేయుపనిని అచ్చట పాదములే చేసినవి. దీనిని ఎవరును శిల్పమని గాని మరకయని గాని యనలేదు, అది లక్ష్మి.

కొల్లేటి లంకలవారి తాటిదోనెకు చారను పైకి తేవలెనను బాధయే లేదు. తాడి యేటేట వలయములు వేయు మ్రాను గాదు; లేతగోధుమరంగు మెత్తదనములో నల్లని నారలు సూదులవలె నాటుకొని యుండుటచే, కోయగానే చార తనంతట తాను పైకి వచ్చును. చేవగల తాటిమొదలును తొలిచి చేసిన దోనెను గట్టుమీద బోరగిల వేసినప్పుడు దాని కడుపు చూచినవారు, దానికి ఏ పారిసు శిల్పియు మెరుగు దిద్దవలసిన పనిలేదని యొప్పుకొందురు.

మన దేశమున సున్నపుమైనమును వాడగోరువారికి ఒకటి రెండు మాటలు. భోజనపుబల్లకు ఇది తగదు. వేడి పులుసుగిన్నె నొకదానిని దించిన చాలు, 65 డిగ్రీలకైన నిలువక కరగు తేనెమైనము తెలుపుతో సహా గిన్నె అడుగునకు అంటుకొనును. టేకులో సహజముగా నూనె యుండును గావున, ముందు స్పిరిట్టుతో తుడిచి, లక్కపూత వేయనిచో మైనము పట్టుదప్పును. నల్లతుమ్మవంటి వగరుగల చెక్కకు నిజమైన సున్నము తగిలినచో, దాని క్షారముచే చెక్క నల్లబడును. కొందరికి ఆ నలుపే నచ్చవచ్చును.

లోగిళ్ళు ఒక్కటొక్కటిగా కూలి, వాని తలుపులు కలప అడితీలలో గోడకు చేరగిల బెట్టబడి యున్నవి. చాలవానిమీద మూడు నాలుగు పొరల ఆకుపచ్చరంగు కలదు. పాతరంగులలో సీస ముండవచ్చును గనుక, దానిని ఎండుగా గీకి ధూళి పీల్చక, తడిపి తీయుడు. రంగు పోయిన పిదప చారల యడుగున తెల్లని గీత కనబడినచో, అది ఏ సంక్రాంతినాటిదో, ఎవరి గుడ్డకు దక్కక మిగిలినదో గాని, దానిని తోమివేయకుడు. చారెడు మైనము తెచ్చి, బెత్తెడు మేర రుద్ది చూడుడు. ముందుగా తలుపు వెనుకవైపున.