ఆడవాళ్ళు లేని వీధి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే న్యూజెర్సీ తెలుగువాడు చూపించే వాటికి ఒక లిస్టు ఉంటుంది. బ్రిడ్జ్‌వాటర్ గుడి, లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, లాంగ్ వీకెండ్ దొరికితే నయాగరా. ఈసారి మా నాన్నగారొక్కరే వచ్చారు, అమ్మ చెల్లెలి పురిటికని ఉండిపోయింది. మూడు వారాల్లో లిస్టు మొత్తం అయిపోయింది. మిగిలింది మా ప్లెయిన్స్‌బరో. ఇక్కడ చూడ్డానికేముంది? అపార్ట్‌మెంట్లు, చెరువులో బాతులు, వాకింగ్‌లో ఎదురయ్యే మనవాళ్ళు. ఒకప్పుడు ఇది పాల ఊరు. 1930లో ఇక్కడి వాకర్-గోర్డన్ డెయిరీవాళ్ళు ఆవుల్ని తిరిగే చక్రమ్మీద నిలబెట్టి మెషీన్లతో పాలు పితికే ఏర్పాటు చేశారు. బోర్డెన్ కంపెనీ ప్రకటనల్లో అమెరికా అంతా చూసిన ఎల్సీ అనే ఆవు కూడా ఇక్కడిదే. దాని పేరు చెక్కిన సమాధి రాయి చూపిస్తే, "ఆవుకి సమాధి కట్టారంటే మంచివాళ్ళేరా" అన్నారు. దాంతో ప్లెయిన్స్‌బరో కూడా అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే అసలు సంగతి బయటపడింది. "ఒరేయ్, ఈ దేశంలో ఐసుగడ్డ కాని చేప దొరకదా?" కాకినాడ మనిషి మరి. మా ఆవిడ వెంటనే, "మామయ్యగారిని చైనాటౌన్‌కి తీసుకెళ్ళండి, వచ్చేటప్పుడు రొయ్యలు కూడా తెండి" అంది. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి గంటా పావులో పెన్ స్టేషన్, అక్కణ్ణించి సబ్‌వేలో కెనాల్ స్ట్రీట్.

నాన్నగారు రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్. ఏ ఊరెళ్ళినా మొదట మార్కెట్టూ, తర్వాత పోస్టాఫీసూ చూడాలి ఆయనకి. మాట్ వీధిలో చేపల కొట్ల ముందు నిలబడి మొప్పలెత్తి చూసి, వాసన చూసి, చైనా ముసలావిడతో తెలుగులో బేరమాడారు. ఆవిడ చైనీస్‌లో జవాబిచ్చింది. బేరం కుదిరింది కూడా! నా ఇంగ్లీషు అవసరం ఇద్దరికీ పడలేదు. కాకరకాయలు, చేమదుంపలు చూసి, "ఇది మన మెయిన్‌రోడ్డు మార్కెట్టేరా" అన్నారు. చేపలు వెళ్ళేటప్పుడు తీసుకుంటామని చెప్పి బయల్దేరాం. డోయర్స్ అనే చిన్న వంకర సందులో పోస్టాఫీసు కూడా కనబడేసరికి ఆయనకి ఆ పేట బాగా నచ్చేసింది.

మాట్ వీధిలోనే ఒక రాతి చర్చి ఉంది, ట్రాన్స్‌ఫిగరేషన్ చర్చి. 1801లో లూథరన్లు కట్టుకున్నారు. 1853లో ఐరిష్ కాథలిక్కుల చేతికొచ్చింది. తర్వాత ఇటాలియన్లు వస్తే ఐరిష్‌వాళ్ళు వాళ్ళని కింద బేస్‌మెంట్‌లో ప్రార్థన చేసుకోమన్నారు. ఇప్పుడు అదే చర్చిలో కాంటనీస్, మాండరిన్ భాషల్లో పూజలు జరుగుతాయి. నిన్నగాక మొన్న దిగినవాడు ఇవాళ దిగినవాణ్ణి బేస్‌మెంట్‌కి పంపడం ఈ దేశంలో పాత అలవాటే. (హెచ్-1 వీసా మీద వచ్చి సిటిజన్లైన మన పెద్దలు కొందరు కొత్తగా వచ్చే పిల్లల గురించి మాట్లాడే తీరు మీరూ వినే ఉంటారు.)

అక్కడికి దగ్గర్లోనే సెంటర్ స్ట్రీట్‌లో చైనీస్ అమెరికన్ల మ్యూజియం ఉంది. 1980లో మొదలైంది. 2020 జనవరిలో మల్బరీ వీధిలో వాళ్ళ వస్తువులు దాచిన భవనం తగలబడింది కానీ అదృష్టవశాత్తూ చాలావరకు బయటపడ్డాయి. నాన్నగారు పాత ఫొటోల ముందు చాలాసేపు నిలబడి, చివరికి అడిగారు.

"ఆడవాళ్ళేరిరా?"

నేనెప్పుడూ గమనించలేదు. ఫొటోల్లో అంతా మగవాళ్ళే. ఇంటికొచ్చాక వెతికితే 1890 సెన్సస్ లెక్క దొరికింది. దేశం మొత్తమ్మీద చైనా మగవాళ్ళు 1,03,620 మంది, ఆడవాళ్ళు 3,868 మంది.

ఇదేమీ వాళ్ళ ఆచారం కాదు, చట్టం. 1869లో రైలుమార్గం పూర్తయ్యేదాకా కూలీలుగా చైనావాళ్ళు కావాలి. పనైపోయాక అక్కర్లేదు. 1875లో పేజ్ చట్టం తెచ్చి, వ్యభిచారాన్ని ఆపే పేరుతో చైనా ఆడవాళ్ళని దాదాపు రానివ్వకుండా చేశారు. 1882లో కూలీలనే నిషేధించారు. పడమటి తీరంలో తరిమితే తూర్పుకి వచ్చి, ఈ మాట్, పెల్, డోయర్స్ వీధుల్లో ఒక గదికి నలుగురైదుగురు సర్దుకున్నారు. "వాళ్ళు వాళ్ళలో వాళ్ళే ఉంటారు" అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఇంకెక్కడా ఉండనివ్వకపోతేనే అక్కడున్నారు.

బతుకుతెరువు లాండ్రీ. ఇంగ్లీషు పెద్దగా అక్కర్లేదు, పెట్టుబడి తక్కువ, ఇస్త్రీపెట్టె మాత్రం 8 పౌండ్లు. అదీ ఓర్వలేక 1933లో న్యూయార్క్ నగరంవాళ్ళు ఒక రూలు ప్రతిపాదించారు. లాండ్రీ నడపాలంటే పౌరుడై ఉండాలి, ఏడాదికి 25 డాలర్ల ఫీజు, 1,000 డాలర్ల బాండు కట్టాలి. పౌరసత్వం ఇవ్వబోమని చట్టం రాసుకున్నవాళ్ళే పౌరసత్వం చూపించమన్నారు! ఇస్త్రీవాళ్ళంతా కలిసి హ్యాండ్ లాండ్రీ అలయన్స్ అని సంఘం పెట్టుకుని, పోరాడి, ఫీజు 10కీ బాండు 100కీ దింపించారు. పౌరసత్వం షరతు నుంచి కూడా మినహాయింపు సాధించారు.

1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, మంటల్లో జనన రికార్డులు కాలిపోతే, నేనిక్కడే పుట్టానని చెప్పి పౌరులైనవాళ్ళు కొందరు. వాళ్ళ కొడుకులమని కాగితాలు కొనుక్కుని వచ్చినవాళ్ళు ఇంకెందరో. మీ ఇంటికి మెట్లెన్ని, ఊళ్ళో బావి ఏ దిక్కున అని అధికారులు అడిగేవారు. జవాబుల పుస్తకాన్ని ఓడలో బట్టీ పట్టి, దిగేముందు సముద్రంలో పడేసేవారు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి, వీసా ప్రశ్నలు బట్టీ పట్టి హైదరాబాద్ కాన్సులేట్‌లో నిలబడ్డ నాకు దీనికి నవ్వు రాలేదు. 1943లో నిషేధం ఎత్తేసి ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది. మనకైతే 1946లో ఇచ్చింది 100. అంతకుముందు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరులు కాలేరని సుప్రీంకోర్టే చెప్పింది.

ఆ రోజుల్లోనే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇండియాలోనే ఉండిపోయారు. అక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆయన చూడనేలేదు. ఈ చైనాటౌన్‌కి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీలో పనిచేసి, అన్ని మందులు ఇచ్చి, 1948లో అమెరికా పౌరుడు కాకుండానే పోయారు. ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ఆయన గురించి రాసేటప్పుడు మనం మందుల పేర్లు రాస్తాం, శేషగిరిగారిని ఒక వాక్యంలో దాటేస్తాం. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను.

మ్యూజియం నుంచి కొలంబస్ పార్క్‌కి వచ్చి కూర్చున్నాం. ముసలివాళ్ళు చైనా చదరంగం ఆడుతున్నారు. నాన్నగారు ఉన్నట్టుండి, "మా పెదతాత రంగం వెళ్ళాడు, తెలుసుగా" అన్నారు. రంగం అంటే రంగూన్. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలమంది మనవాళ్ళు బియ్యం మిల్లులకీ ఓడల మీద కూలికీ వెళ్ళేవారు, ఎక్కువమంది మగవాళ్ళే. మన కోరంగి రేవు పేరుతో అక్కడ వాళ్ళని కోరంగీలనేవారు. 1930 మేలో రేవు పని దగ్గర బర్మావాళ్ళకీ తెలుగు కూలీలకీ అల్లర్లయి చాలామంది చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షలమంది అడవుల్లో నడుచుకుంటూ ఇండియాకి వచ్చారు. పెదతాత రాలేదు.

"మా పెద్దమామ్మ చచ్చిపోయేదాకా బొట్టు తియ్యలేదు. పోయాడని ఉత్తరం రాలేదుగా, ఎందుకు తియ్యాలి అనేది. నేను పోస్టాఫీసులో చేరిన రోజు నన్నడిగింది, ఏమైనా వస్తే చూడరా అని."

కాసేపాగి, "మన అమ్మాయి కూడా ఇంట్లో కూచుందిగా, ఎన్నేళ్ళు?" అన్నారు. నాలుగు. 2013లో హెచ్-4 మీద వచ్చింది. ఆ వీసా మీదున్న వాళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చని 2015లో రూలొచ్చినా, నా ఐ-140 అప్రూవ్ అయి తను ఉద్యోగంలో చేరేసరికి 2017. విమానంలో వచ్చినవాళ్ళం, డిగ్రీలున్నవాళ్ళం, ఆ లాండ్రీవాళ్ళతో పోల్చుకుంటే కళ్ళు పోతాయి. కానీ నా గ్రీన్‌కార్డు ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న 1990 నాటి లెక్కలో ఇరుక్కుని ఉంది. ఆ లెక్కలో వెనకబడ్డది మనమూ, చైనావాళ్ళూనూ.

లిటిల్ ఇటలీ కూడా చూపిద్దామని మల్బరీ వీధిలోకి నడిపించాను. రెస్టారెంట్లు మిగిలాయి, ఇటాలియన్లు పెద్దగా మిగల్లేదు. నాన్నగారికి అక్కడేమీ పట్టలేదు. వెనక్కొచ్చి చేపలు కొనుక్కుని రైలెక్కాం. సంచీ వాసనకి పక్క సీటావిడ లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పులుసు తిన్నాక అమ్మకి ఫోన్ చేసి, ట్రంకుపెట్టెలో పెదతాత మనియార్డరు కూపన్లున్నాయి, ఫొటో తీసి పంపమన్నారు. వాట్సాప్‌లో వచ్చింది. 1941 సెప్టెంబరుది, ఆఖరిది. డబ్బు కింద ఉండే చిన్న జాగాలో సిరాతో మూడు ముక్కలు. 15 రూపాయలు పంపాను. ఇల్లు తాటాకు మార్పించు. సంక్రాంతికి వస్తాను.