చాందా రైలు – ఫలక్‌నుమా రైలు

హైదరాబాదు పాతబస్తీకి రైలంటే ఒక్కటే దారి. కాచిగూడ దాటి మలక్‌పేట, దబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడల మీదుగా ఫలక్‌నుమా చేరి, అక్కడినుంచి మహబూబ్‌నగర్ వైపు సాగిపోతుంది. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ ఈ పట్టాల మీదుగానే బెంగుళూరుకు పోతున్నది. పాతబస్తీ స్టేషన్లలో అది ఆగదు. ఇక్కడివారికోసం ఆగే బండి ఎం.ఎం.టి.ఎస్.

2026 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్టులో ఏడు హైస్పీడ్ రైలు మార్గాలను ప్రకటించారు. వాటిలో మూడు హైదరాబాదును తాకుతున్నాయి: పుణె–హైదరాబాదు, హైదరాబాదు–బెంగుళూరు, హైదరాబాదు–చెన్నై. బుల్లెట్ రైలు కావాలా, ఉన్న లైన్లను బాగుచేసుకుంటే చాలదా అన్న వాదం అప్పటినుంచి మళ్ళీ ఊపందుకున్నది. వాదించేవారిలో చాలామంది ఎరుగని విషయం ఒకటున్నది. రైలుమార్గాల విస్తరణ ఎవరికోసం, ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న ఈ నగరంలో 1883లోనే బహిరంగంగా వినిపించింది. అడిగినవారికి దొరికిన జవాబు దేశబహిష్కారం!

ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

నిజాం రాజ్యంలో మొదటి ముఖ్యమైన రైలుమార్గం 1874లో పూర్తయింది. బొంబాయి–మద్రాసు మార్గం మీది వాడి జంక్షను నుంచి సికింద్రాబాదు దాకా వేసిన బ్రాడ్‌గేజి లైను అది. సికింద్రాబాదు ఆంగ్లేయుల దండు ఉన్న చోటు. దండును బొంబాయితో కలపడం వారికి అవసరం. పెట్టుబడి భారం మాత్రం నిజాం ప్రభుత్వం వైపు పడింది. చార్మినారు చుట్టూ ఉన్న అసలు నగరం మూసీకి దక్షిణాన ఉండగా, రైలు ఉత్తరాన దండు దగ్గరే ఆగిపోయింది.

తరువాతి పథకమే చాందా రైల్వే. రైలును వరంగల్లు దాకా పొడిగించి, అక్కడినుంచి ఒక శాఖను మధ్యపరగణాలలోని చాందాకు (నేటి చంద్రపూర్), ఇంకొక శాఖను బెజవాడకు తీసుకువెళ్ళాలన్నది ఆలోచన. కట్టేది లండనులో ఏర్పడే కంపెనీ. ఆ కంపెనీ వాటాదారులకు వడ్డీ హామీ ఇచ్చేది నిజాం ఖజానా.

ఈ 'హామీ' ఏమిటో చెప్పకపోతే ఆనాటి గొడవ అర్థం కాదు. బ్రిటిషిండియాలో 1849 నుంచి నడిచిన పద్ధతి ఇది. కంపెనీ పెట్టిన మూలధనం మీద ఏటా ఇంత శాతం వడ్డీ తప్పక ముడుతుందని ప్రభుత్వం మాట ఇస్తుంది. రైలు సంపాదన చాలకపోతే లోటును ఖజానా పూడుస్తుంది. లాభం వస్తే కంపెనీకి సంతోషం, నష్టం వస్తే రైతు కట్టిన శిస్తులోంచి భర్తీ. ఇటువంటి ఏర్పాటులో పొదుపుగా కట్టవలసిన అగత్యం కంపెనీకి ఏముంటుంది?

1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగు కలరాతో హఠాత్తుగా మరణించాడు. మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. పాలన పెద్దల చేతిలో ఉన్నది, వారి వెనుక రెసిడెంటు ఉన్నాడు. అటువంటి సమయంలో ఇంత పెద్ద ఒప్పందం ముందుకు నడుస్తుంటే నగరంలోని కొందరు విద్యావంతులు కమిటీగా ఏర్పడ్డారు. వారిలో ముఖ్యులు డాక్టర్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. మొదటివాడు ఎడింబరో విశ్వవిద్యాలయంలో సైన్సు డాక్టరేటు పొంది వచ్చిన బెంగాలీ, సరోజినీ నాయుడి తండ్రి. రెండవవాడు అరబ్బీ, ఫారసీ పండితుడు. తరువాతికాలంలో దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకులలో ఒకడు, కాంగ్రెసును బాహాటంగా సమర్థించిన తొలి హైదరాబాదీలలో ఒకడు.

వారు అడిగినది చాలా చిన్న సంగతి. ఒప్పందం మీద సంతకం పడకముందే దాని వివరాలు ప్రజలకు తెలియజేయండి అన్నారు. రైలు వద్దు అని అనడం వేరు, షరతులు చూపండి అనడం వేరు. అయినా ప్రభుత్వానికి రెండూ ఒక్కటిగానే కనిపించాయి. 1883 మే 20న అఘోరనాథుణ్ణి ఉద్యోగంలోంచి తొలగించి రాజ్యం నుంచి పంపివేశారు. సరోజినికి అప్పటికి నాలుగేళ్ళు. అబ్దుల్ ఖయ్యూం కూడా ప్రభుత్వాగ్రహానికి గురి అయ్యాడు. మతం, భాష, పుట్టిన ప్రాంతం వేరైన ఇద్దరు మనుషులు ఒక ప్రజావిషయం మీద కలిసి నిలబడటం హైదరాబాదు చరిత్రలో ఇది తొలి సందర్భాలలో ఒకటి. అది రైలుపట్టాల విషయమై జరగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మరి వారి భయాలు నిజమయ్యాయా? జవాబు అంత సులువు కాదు.

ఒప్పందం 1883 డిసెంబరులో ఖాయమైంది. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 'గ్యారంటీ' అన్నది పేరులోనే ఉన్నది. 45 లక్షల పౌన్ల మూలధనం మీద 20 ఏళ్ళపాటు 5 శాతం హామీ. లైను 1886లో వరంగల్లు, 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు కదిలింది, తెలంగాణానికి కోస్తాతో రాకపోకలు ఏర్పడ్డాయి. ఈ మేలును కాదనలేము. కాని పేరుకు ముఖ్యమైన చాందా శాఖ మాత్రం రానే లేదు. కాజీపేట–బల్హార్షా లైను 1920ల చివరకు గాని పూర్తి కాలేదు. వడ్డీ చెల్లించవలసినది లండనులో, పౌన్లలో. ఖజానాకు వచ్చేది వెండి నాణెం. ఆ దశాబ్దాలలో వెండి ధర పడిపోతూ వచ్చింది కాబట్టి అదే 5 శాతం ఏటికేడు మరింత బరువైంది. చివరకు 1930 ఏప్రిల్ 1న రైల్వేను కంపెనీ నుంచి ప్రభుత్వమే స్వాధీనం చేసుకున్నది. రెండేళ్ళకు, 1932లో, అదే రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది.

ఇంకొక పాఠం గేజిది. సికింద్రాబాదు, నాంపల్లి బ్రాడ్‌గేజి స్టేషన్లయితే, గోదావరి లోయ రైల్వేకోసం వెలసిన కాచిగూడ మీటర్‌గేజిది. ఒకే నగరంలో రెండు వెడల్పుల పట్టాలు! ఒకదాని బండి మరొకదాని మీద నడవదు. సరుకు దించాలి, మళ్ళీ ఎక్కించాలి. ఈ తలనొప్పి వదలడానికి 1990ల గేజి మార్పిడి దాకా ఆగవలసి వచ్చింది. ముంబయి–అహమ్మదాబాదు హైస్పీడ్ లైను స్టాండర్డ్ గేజిలో కడుతున్నారు. మన మార్గాలూ అలాగే వస్తే, ఆ రైళ్ళు మన పాత పట్టాల మీదికి రాలేవు, మన పాత బండ్లు వాటి మీదికి పోలేవు.

ఇక ఖర్చు సంగతి. ముంబయి–అహమ్మదాబాదు మార్గం 508 కిలోమీటర్లు. మొదటి అంచనా 1.08 లక్షల కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు 200 కోట్ల పైమాట. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన సికింద్రాబాదు–మహబూబ్‌నగర్ రెండో లైను, విద్యుదీకరణలకు 85 కిలోమీటర్ల మేర అయినది సుమారు 1,410 కోట్లు. కిలోమీటరుకు 17 కోట్లకు లోపే. రెండూ ఒకే రకం పనులు కావు కాబట్టి ఈ పోలికను హద్దులో ఉంచుకోవాలి. అయినా ఒక కిలోమీటరు హైస్పీడ్ లైను ఖర్చుతో పన్నెండు కిలోమీటర్ల పాత లైను బాగుపడుతుందన్నది మరచిపోదగిన లెక్క కాదు. ఆ పని వల్లనే ఎం.ఎం.టి.ఎస్. ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా పోగలిగింది.

అవతలి పక్షానికీ బలమైన వాదమున్నది. 1964లో జపాను టోకియో–ఒసాకా షింకన్‌సెన్ వేసినది పాత టొకైడో లైను కిక్కిరిసిపోయినందువల్ల. వేగపు బండ్లు కొత్త దారికి మళ్ళితే పాత దారి సరుకు బండ్లకూ ప్యాసింజర్లకూ దక్కుతుంది. ముంబయి మార్గానికి జపాను ఇచ్చిన అప్పు వడ్డీ 0.1 శాతం, గడువు 50 ఏళ్ళు. 1883 నాటి 5 శాతంతో దీనిని ఒక గాటన కట్టడం న్యాయం కాదు. అయితే అప్పు మళ్ళీ పరాయి నాణెంలోనే అన్నది గుర్తుంచుకోవాలి.

నా మటుకు నాకు పాత లైన్ల పని ముందు జరగాలనిపిస్తుంది. పాతబస్తీ నిరీక్షణ చూసినవారికి అలా అనిపించడం సహజం. 2010 నాటి మెట్రో ఒప్పందంలో ఫలక్‌నుమా ఉన్నది. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన రైలు మాత్రం మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గరే, నది ఒడ్డునే ఆగింది. పాతబస్తీ పొడిగింపుకు శంకుస్థాపన 2024 మార్చి 8న జరిగింది. 1874లో మూసీకి ఉత్తరాన ఆగిన రైలు కథ మరొకసారి చదివినట్లు ఉండదూ?

అఘోరనాథుడు తరువాత హైదరాబాదుకు తిరిగి వచ్చాడు, మళ్ళీ విద్యాశాఖలో పనిచేశాడు. నాంపల్లి దగ్గర ఆయన ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్' పేరుతో ఇప్పటికీ ఉన్నది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా జవాబుకోసం చూస్తున్నది. ఈ మూడు మార్గాలకు అప్పు ఎంత, ఏ షరతుల మీద, టిక్కెట్టు ధర ఎంత, రాబడి చాలకపోతే లోటు పూడ్చేది ఎవరు? ఇవన్నీ సంతకాలకు ముందే తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి, ఉప్పుగూడ స్టేషనులో బండికోసం నిలబడిన మనిషికి కూడా చదివే వీలు కల్పించాలి. 1883లో అడిగినందుకు ఇల్లు వదలవలసి వచ్చింది. ఇప్పుడు ఆ భయం లేదు కదా, అడగడానికి మనకేమి అడ్డం?